ఫట్‌ఫటికి బెల్లం సున్నం

నా పెళ్లి ఖాయం చేసింది పెద్దలని మా బంధువులంతా అనుకుంటారు. నన్నడిగితే ఖాయం చేసింది నా మోటార్ సైకిల్ పెట్రోల్ టాంకీకి పడ్డ చిల్లు. ఈ మాట అన్నప్పుడల్లా మా ఇంట్లో ఒకరు మూతి తిప్పుతారు. తిప్పుకోనీ. నేను చెప్పడం మానను.

నైజాం పోయి, ఆంధ్రప్రదేశ్ కొత్తగా ఏర్పడిన రోజులు. మాది జగిత్యాల, నేను బడిపంతులుని. మిలిట్రీ వాళ్లు వేలంలో వదిలించుకున్న మోటార్ సైకిల్ ఒకటి ఎన్ని చేతులు మారిందో ఏమో, చివరికి నా చేతికొచ్చింది. అది చేసే చప్పుడును బట్టి మా వైపు దాన్ని ఫట్‌ఫటి అనేవాళ్లు. మా నాన్న, అదే బాపు, మాత్రం ఇనుప బర్రె అనేవాడు. పాలియ్యదు, పెండ పెట్టదు, తాగుడు మాత్రం కడివెడు తాగుతదని ఆయన ఫిర్యాదు.

ఆ ఏడు ధర్మపురి జాతరలో ఒక అమ్మాయిని చూశాను. పేలాలు అమ్మేవాడు కొలత డబ్బాలో బొటనవేలు పెట్టి కొలుస్తున్నాడు. ఆమె నడుం మీద చేయి పెట్టుకుని, "నీ ఏలు గూడ కొలతలనేనా? అయితే కోసియ్యి, తీస్కపోత" అంది. చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. నాకు మాత్రం మతిపోయింది. ఇంటికొచ్చి, చేసుకుంటే ఆ పిల్లనే చేసుకుంటానని అమ్మకు, మా మాటలో అవ్వకు, చెప్పేశాను. అవ్వ ఆరా తీస్తే ధర్మపురికి ఇవతల పల్లెలో రైతు కూతురనీ, మావాళ్లేననీ తేలింది. అవ్వ సంబరం పట్టలేక, మా కొడుక్కు కొత్త ఫట్‌ఫటి ఉన్నదని కబురు పంపింది. పిల్ల తండ్రి నుంచి తిరుగు కబురొచ్చింది: "పిల్లను చూడనీకి ఫట్‌ఫటి మీదనే రాండ్రి. మొన్నొచ్చినోళ్లు మస్తు భూమున్నదన్నరు, పోయి చూస్తే అన్ని బండలే. అబద్ధమాడినోళ్లింట్ల నా బిడ్డనియ్య."

"కొత్తదని ఎందుకు చెప్పినవే అవ్వా" అని ఎగిరాను.

"మనింట్ల ఇంతకుముందు ఎన్నడన్న ఉండెనా? మనకు కొత్తదే గద" అంది అవ్వ. ఆవిడతో వాదించి గెలిచినవాడు మా ఇంట్లో లేడు.

చూపుల రోజు పొద్దున్నే బండిని వాకిట్లో పెట్టి, ఇటుక పొడితో తోమడం మొదలుపెట్టాను. కొత్తదని చెప్పాక కొత్తదానిలా మెరవాలి కదా. తోమాను, తోమాను, టాంకీ అడుగున తుప్పు పెచ్చులు పెచ్చులుగా లేచింది. దాంతోపాటు సన్నటి ధార బయటికొచ్చింది. గబుక్కున వేలు పెట్టి మూసి, ఇల్లెగిరిపోయేలా కేకేశాను.

బాపు నింపాదిగా వచ్చి చూశాడు. "ఏలు గట్లనే పెట్టుకోని పో. కాని ఏలు పెట్టేటోళ్లంటే ఆ పిల్లకు పడదంటివి గద" అన్నాడు.

పెట్రోలు డబ్బాలోకి వంపి, టాంకీ విప్పి, చంకన పెట్టుకుని రేకుల పని చేసే మియా దగ్గరికి పరుగెత్తాను. మియా వాసన చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "ఖాలీగున్నా మంట చూపిస్తే భగ్గున లేస్తది సార్. కడిగి, ఆరవెట్టి, ఐతారం దాంక ఆగున్రి" అన్నాడు. ఆదివారం దాకా ఆ పిల్ల తండ్రి ఆగొద్దూ? టాంకీ మళ్లీ చంకనెత్తుకుని ఇంటికొచ్చాను.

సడక్ మీద దొరికిన తారు ముద్ద అంటించి, నాలుగు చుక్కల పెట్రోలు పోసి చూశాను. తారు కరిగి నల్లగా కారింది. కొవ్వొత్తి మైనం అద్దాను. పెట్రోలు దాన్నీ మింగేసింది. ఇంత పాడు బుద్ధి ఉన్న టాంకీని నేనెక్కడా చూడలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అవ్వకు ముందురోజే బావి కాడ కాలు బెణికింది. గడప మీద కూర్చుని కాలికి పట్టు వేసుకోవడానికి బెల్లం, తమలపాకులకు రాసుకునే సున్నం కలిపి నూరుకుంటోంది. మా వైపు బెణుకులకు అదే వైద్యం. నూరితే బంకలా సాగుతుంది, ఆరితే రాయిలా బిగుస్తుంది. నా అవస్థ చూసి చూసి విసుగొచ్చి, "కాలును పట్టేది టాంకీని పట్టదా? ఇటు తే" అంది. సగం తన కాలికి, సగం టాంకీకి రాసింది. బాపు పాత ధోతి చింపి, చెరొక పట్టీ చుట్టింది. చుట్టి ఊరుకుందా? టాంకీని నిమిరి, "జర ఓర్సుకో బిడ్డా" అంది.

అప్పటికే పెట్రోలు వాసన ముగ్గురికీ తలకెక్కి ఉంది. ముందు అవ్వ నవ్వింది, తర్వాత నేను, ఆ తర్వాత ఎందుకో తెలియకుండానే బాపు. వాకిట్లో పెట్రోలుందని నేను పొయ్యి ముట్టించనివ్వలేదు కాబట్టి ఆయనకు పొద్దుటి నుంచి చాయ్ లేదు. ఉత్త అటుకులు నములుతూ, "కొడుకు లగ్గం దేవుడెరుగు, నాకు చాయ్ నసీబు లేదు" అని నవ్వుతూనే తిట్టాడు.

పట్టు ఎండలో బిగుసుకుంది. టాంకీ బిగించి పెట్రోలు పోస్తే ఒక్క చుక్క కారలేదు. నేను వాకిట్లో గంతులేశాను. బెల్లం వాసనకు చీమలు పట్టాయి. "గాలికి పోతయ్ తియ్" అంది అవ్వ.

కాలు బాగాలేక అవ్వ ఇంట్లోనే ఉండిపోయింది. బాపు వెనక కూర్చున్నాడు. ఇనుప బర్రెనెక్కడం ఆయనకు అదే మొదలు. ఊరు దాటేదాకా నా నడుం పట్టుకుని దేవుళ్లనందరినీ పిలిచాడు. ఊరు దాటాక తలరుమాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. కాసేపటికి నా చెవిలో, "జర జోర్ల పోనియ్ రా" అన్నాడు. తండ్రీకొడుకులం ధర్మపురి సడక్ మీద దుమ్ము లేపుకుంటూ పిచ్చి కేకలు వేసుకుంటూ పోయాం.

పిల్ల ఇంటి ముందు వేపచెట్టు కింద బండి ఆపాను. పిల్ల తండ్రి ఎదురొచ్చి, మమ్మల్ని లోపలికి రమ్మనే ముందే బండి చుట్టూ తిరిగాడు. చీమలు గాలికి పోలేదు. పోకపోగా వేపచెట్టు చీమలు కూడా వాటితో కలిసి బారులు తీరాయి. ఆయన వంగి ధోతి పట్టీని చూశాడు.

"కొత్తదన్నరు గద బావా. గీ కట్టేంది?" అని బాపును అడిగాడు.

బాపు ఆకాశంలో ఏదో వెతుకుతున్నాడు. నాకు చెమటలు కారిపోతున్నాయి. అప్పుడే ఆ అమ్మాయి మాకు నీళ్ల చెంబు తెచ్చి బండి పక్కన ఆగింది. చీమల బారు చూసింది, వాసన చూసింది. నా వైపు తిరిగి, "బండికి కాలు బెణికిందా?" అంది.

ఆమె ముందు అబద్ధం ఎలా వస్తుంది? "బెణికింది. పాతది, మిలిట్రీది. కొత్తగ కనవడాలని తోమితే చిల్లువడ్డది. మా అవ్వ కాలికేసుకునే పట్టు దీనికేసింది" అని గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను.

పిల్ల తండ్రి ముఖం గంటుపెట్టుకున్నాడు. అంతలో పట్టీ అంచు నుంచి పెట్రోలు చుక్క టప్పున రాలింది. ఆ వెనక ఇంకొకటి. నా పని అయిపోయిందనుకున్నాను. ఆమె చెంబు అక్కడే పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఇక రాదనే అనుకున్నాను.

వచ్చింది. ఒక చేతిలో సున్నం డబ్బీ, ఇంకో చేతిలో బెల్లం గడ్డ. తండ్రి ముందరే ఆ గడ్డను నా అరచేతిలో పెట్టింది.

మా వైపు పిల్ల ఇంటివాళ్లు బెల్లం చేతికిచ్చారంటే సంబంధం ఒప్పుకున్నట్టే. ఆ సంగతి వాకిట్లో అందరికీ ఒక్కసారే తట్టింది. పిల్ల తండ్రి ఏదో అనబోయి నోరు తెరిచాడు. ఆలోపే, పొద్దుటి నుంచి నా బండిని ఆడిపోసుకున్న బాపు, నా చేతిలో గడ్డ అంచు పుటుక్కున విరిచి నోట్లో వేసుకున్నాడు.

"నోరు తీపైంది బావా" అన్నాడు నములుతూ.

పిల్ల తండ్రి కూతురిని చూశాడు, నన్ను చూశాడు. ముఖంలో బిగువు నిలవలేదు. "నిజం చెప్పిండు తియ్. బిడ్డ బెల్లమిచ్చినంక ఇగ నేననేదేమున్నది" అని తనూ ఒక ముక్క విరుచుకున్నాడు. మిగిలింది టాంకీకి సరిపోయింది.

ఆ బెల్లం బండికిచ్చిందా, నాకిచ్చిందా అని పెళ్లయిన నాటి నుంచి అడుగుతూనే ఉన్నాను. ఇన్నేళ్లలో ఆమె జవాబు మారలేదు.

"రెండు గూడ కారుతుండె. ఏదో ఒకటన్న ఆగుతదని ఇచ్చిన" అంటుంది.