యువరాణి మీద పంచాయితీ

మొన్న జగిత్యాల నుంచి కోరుట్ల పోయే బస్సులో నా ముందు సీటులోని ఇద్దరు ఆడవాళ్లు, ఫోనులో ఏదో పరాయి దేశపు రాజకుటుంబాన్ని చూస్తూ ఆ ఇంటి కోడలి గుణాన్ని తేల్చేస్తున్నారు. "గామె చూపే మంచిగ లేదక్కా" అంది ఒకామె. "మొగడు పాపం ఒట్టి అమాయకుడు" అంది రెండో ఆమె. కోరుట్ల రాకముందే తీర్పు అయిపోయింది. రాజులూ మనలాంటి మనుషులే, వాళ్ల కాపురాల మీద మనకేం అధికారమని ముప్పై ఏళ్లకు పైగా వ్యాసాలు రాసి, సభల్లో గొంతు చించుకున్నవాణ్ణి. ఆ మాటే చెబుదామని నోరు తెరిచాను. మా పెద్దమ్మ ఇంటి పంచ గుర్తొచ్చి మూసుకున్నాను.

కోరుట్లలోని ఆ పంచలో పొద్దంతా ఏడెనిమిది మంది ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లు. తడిపిన తునికాకు వాసన, తంబాకు ఘాటు, కత్తెరల చప్పుడు. చేతులు ఖాళీ ఉండవు కనుక చెవులకు పని కావాలి. ఆ పని నాది. జగిత్యాల గ్రంథాలయంలో మూఢనమ్మకాల మీద వాదించి వచ్చే పాతికేళ్ల పంతులును, సెలవుల్లో వాళ్లకు పేపరు చదివిపెట్టేవాణ్ణి. అవి నక్సలైట్ అన్నల రోజులు. ఎదురుకాల్పుల వార్త చదివితే అందరూ తలలు దించుకునేవారు. అది అయ్యాక పెద్దమ్మ నెమ్మదిగా అనేది: "గవన్నీ ఉండనీ. యువరాణి ముచ్చట చదువు."

సముద్రాల అవతలి ఆ యువరాణిని వదిలి యువరాజు మరొకామెతో తిరుగుతున్నాడని పేపర్లు నెలల తరబడి రాశాయి. పంచ మొత్తం యువరాణి పక్షమే. "గసొంటి పిల్లను ఇడిసిపెడ్తడా, వాని చేతులిరగ" అని తిట్టేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. సారంగాపూర్ వైపు ఓ దొర ఇద్దర్ని ఉంచుకుంటే అది దొరతనం అన్నారు కదా, అప్పుడు ఈ న్యాయం ఎక్కడికి పోయిందని నిలదీశాను. అందరిలో పెద్దావిడ ఆ దొర గడీలోనే వెట్టి చేసిన మనిషి. చాటలోంచి కళ్లెత్తకుండానే అంది: "దొరసాని కోసం సుత ఏడ్చినం కొడుకా. నీకు చెప్పి ఏడ్వాల్నా?" అందరూ పకపకా నవ్వారు.

ఆ నవ్వినవాళ్లలో మా చిన్నమ్మ కూడా ఉంది. చిన్నాయన సిరిసిల్లలో మరమగ్గాల సాంచెల మీద బట్ట నేసేవాడు. అక్కడే ఇంకొకామెతో ఉంటున్నాడు. చిన్నమ్మ ఏడేళ్ల బిడ్డను తీసుకుని అక్కగారింటికి వచ్చేసింది. మొగుడు తనకొద్దు, బిడ్డ చాలు అంటోంది. ఆయన మాత్రం బిడ్డను పంపమంటున్నాడు. ఆదివారం పంచాయితీ. మామూలు కాలమైతే కులపెద్దలే ఏదో ఒకటి చెప్పేసేవారు. కానీ ఆ రోజుల్లో వాళ్లకు రెండువైపులా భయం. తప్పు తీర్పు ఇచ్చారని అన్నలు అడుగుతారేమో, తీర్పులెవరు ఇమ్మన్నారని పోలీసులు అడుగుతారేమో. అందుకని తెలివిగా తప్పుకున్నారు. ఆమెతో పొద్దంతా కూర్చునే ఆడవాళ్లు ఆమె నడత గురించి ఏం చెబితే దాన్నిబట్టే బిడ్డ ఎవరికో తేలుద్దామన్నారు. చిన్నమ్మ ధైర్యంగా ఉంది. పంచ మొత్తం తనదే కదా.

శుక్రవారం పేపర్లో యువరాణికీ ఎవరో స్నేహితుడున్నాడని వచ్చింది. చదవకుండా దాటేయవచ్చు. కానీ నిజాన్ని దాచడం మూఢత్వానికి మొదటి మెట్టు అని వారం కిందటే సభలో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. చదివాను. కత్తెరలు ఆగిపోయాయి.

"గట్లనా! మరి గాయన్ని ఎందుకు తిడ్తిమే?"

"మొగడు ఊకెనే ఇడుస్తడా?"

కాసేపటికి ఒకామె చిన్నమ్మ వైపు చూడకుండానే అంది: "కార్ఖానల బీడీలు అప్పజెప్పవోతే టేకేదారుతోని గంతసేపు ఏం నవ్వుడో!" అక్కడ ఆ గుత్తేదారు మాటలకు నవ్వినవాళ్లలో తానూ ఉన్న సంగతి ఆమె మరిచిపోయింది.

ఆదివారం పెద్దలు అడిగారు. ఆ ఆడవాళ్లు అబద్ధం చెప్పలేదు. "మాకేం ఎరుక, ఎవల మనసుల ఏమున్నదో" అన్నారంతే. బిడ్డ సిరిసిల్ల పోవాలని తేలింది.

నేను చదివినందుకే అలా జరిగిందా? చిన్నాయన మేనమామ ముందే వచ్చి అందరితో మాట్లాడిపోయాడని, నువ్వు చదివినా చదవకున్నా అదే అయ్యేదని పెద్దమ్మ చెప్పింది. నా మీద ప్రేమతో అందో, నిజమే అందో నాకిప్పటికీ తెలియదు. నిజం చెప్పి తప్పు చేశానా? వింటున్నదెవరో చూడకుండా చెప్పి చేశానా? ఏ వ్యాసంలోనూ దీన్ని తేల్చలేకపోయాను.

చిన్నమ్మ బిడ్డను సిరిసిల్ల బస్సెక్కించి, బస్సు కనుమరుగయ్యాక నా వైపు తిరిగి అడిగింది:

"గా యువరాణి పిల్లలు ఎవలి తాన ఉన్నరు రా?"

నెలల తరబడి ప్రతి అక్షరం చదివినవాణ్ణి, ఆ సంగతి మాత్రం చూసుకోలేదు. "చూసి చెప్తా చిన్నమ్మా" అన్నాను. ఆమె తలూపింది. చూశాను కూడా: ఇద్దరి దగ్గరా, వంతులవారీగా. చెప్పడానికి సరైన సమయం కోసం ఆగుతూ ఉండగా ముప్పై ఏళ్లు గడిచిపోయాయి, ఆమె కూడా పోయింది.