ఇరవై నాలుగో నంబరు గోలు

పదేళ్లుగా ఒక సున్నా నన్ను వదలడం లేదు. అది ఇంకొకరి పేరు ఎదురుగా ఉంది. పెట్టింది నేను. మా ఇంట్లో కూడా ఎవరికీ తెలియదు, మీకే మొదట చెబుతున్నాను.

డెబ్బైల చివర ఒహాయోలో ఒక చిన్న ఊళ్లో ఉండేవాణ్ణి. వారమంతా ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పని, శనివారాలు ఐస్ హాకీ మ్యాచ్‌లకి స్కోరు రాయడం. నేనెన్నడూ మంచు మీద నిలబడినవాణ్ణి కాదు. లైబ్రరీ పుస్తకం చదివి ఆట లెక్క నాకు నేనే నేర్చుకున్నాను; అందుకే జట్టువాళ్లు నన్ను ప్రొఫెసర్ అనేవారు. బాల్‌పెన్నుతో రాత, కింద మూడు కార్బన్ కాపీలు. మూడు సీజన్లలో నా షీటు మీద ఒక్క కొట్టివేత లేదు.

ఇరవై నాలుగో నంబరతను మా జట్టు కొట్లాటకి పెట్టుకున్న మనిషి. అవతలివాళ్లు మా మంచి ఆటగాళ్ల జోలికొస్తే అతను గ్లవ్స్ పడేసి కలబడాలి, తర్వాత శిక్షగా కొన్ని నిమిషాలు పెనాల్టీ బాక్స్‌లో, నా బల్ల పక్కన కూర్చోవాలి. పదకొండేళ్లు, ఏడు ఊళ్లు, ఒక్క గోలు లేదు. అతని కర్ర వానలేని రోజు గొడుగులాంటిదని జట్టువాళ్లు నవ్వేవారు. ఒకసారి ప్రేక్షకుడొకడు నా రంగు గురించి ఏదో కూస్తుంటే, అతను లేచి వాడివైపు ఊరికే చూస్తూ నిలబడ్డాడు. వాడు నోరు మూసుకుని కూర్చున్నాడు. అది మరచిపోయి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేదేమో.

నా మూడో సీజన్, మార్చిలో ఆఖరి మ్యాచ్. తొమ్మిదో నంబరువాడు దూరం నుంచి కొట్టిన రబ్బరు బిళ్ళ, గోల్ ముందు నిలబడ్డ ఇరవై నాలుగో నంబరతని కర్రకి తగిలి, దారి మార్చుకుని లోపలికి వెళ్లింది. నేను చూశాను. చివర తగిలిన కర్ర ఎవరిదో గోలు వాళ్లదే. కానీ రిఫరీ తొమ్మిది అన్నాడు. నా చెయ్యి అప్పటికే తొమ్మిది రాసేసింది.

మ్యాచ్ అయ్యాక అతను నా బల్ల దగ్గరికొచ్చాడు. పెదవి వాచి ఉంది.

“ప్రొఫెసర్, అది నా కర్రకి తగిలింది. తొమ్మిదోవాడు కూడా ‘అది నీ గోలే’ అని నాతో అంటున్నాడు. నువ్వు చూశావా?”

“లేదు.”

“సరిగ్గా గుర్తు తెచ్చుకో. ఇంకోటి పడాలంటే నాకు ఇంకో పదకొండేళ్లు పడుతుంది.”

“నాకు కనపడలేదు.”

అతను నవ్వాడు. “నువ్వు చూడలేదంటే జరగలేదన్నట్టే,” అని నా భుజం తట్టి వెళ్లిపోయాడు.

రిఫరీ ఏమన్నా, గోలు ఎవరిదో మార్చే అధికారం స్కోరు రాసేవాడిగా నాకుంది. ఒక గీత కొట్టి పైన రెండంకెలు వేస్తే చాలు. ఎందుకు వెయ్యలేదు? కొట్టివేత చూస్తే, ఎక్కడినుంచో వచ్చినవాడికి మన ఆటేం తెలుసు అంటారని భయపడ్డానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అందులో కొంత నిజం. మిగతా నిజం ఏమిటంటే, ఆ శుభ్రమైన కాగితం నాకు ఆ మనిషికంటే ముద్దయింది.

ఆ వేసవిలో జట్టు అతన్ని వదిలేసింది. మళ్లీ ఎవరూ పిలవలేదు. ఆటగాళ్ల లెక్కలు అచ్చువేసే పుస్తకంలో అతని పేరు ఎదురుగా మ్యాచ్‌లు నాలుగు వందల ముప్ఫై ఎనిమిది, గోల్స్ సున్నా. ఇప్పుడెక్కడున్నాడో తెలియదు. వెతకలేదు కూడా.

చివరి కార్బన్ కాపీ నా దగ్గరే ఉంది. ఈ పొద్దున దాన్ని బయటికి తీశాను. రెండో పీరియడ్, పదకొండు నిమిషాల నలభై సెకన్లు. తొమ్మిది మీద గీత కొట్టి ఇరవై నాలుగు వేశాను. దీనితో పుస్తకంలో సున్నా చెరగదని తెలుసు. అయినా ఆ రోజు అతను అడిగినదానికి జవాబు ఒక్కసారైనా ఎక్కడైనా రాసి ఉండాలి.

చూశాను.