తెరీ మంగల్‌కు వచ్చిన కంచర గాడిద

సరిహద్దు ఊరు తెరీ మంగల్‌లో లాడాలు కొట్టే జర్వలీ దగ్గరికి, సరుకు తోలే కుర్రాడు నియామత్ కుంటుతున్న కంచర గాడిదను తెచ్చాడు. సరిహద్దు అవతలి యుద్ధానికి తుపాకుల పెట్టెలతో పాటు దాన్నీ ఏదో దేశం పంపింది. రేపటికి అది నడవకపోతే నియామత్ పని పోతుంది.

"ఏ దేశందిరా?"

"ఎవరూ చెప్పరు కాకా. పెట్టెల మీద అక్షరాలు కూడా గీకేశారు."

"లాడం కూడా ఆనవాలు చెబుతుందని మర్చిపోయినట్టున్నారు."

జర్వలీ కాలెత్తి చూశాడు. లాడం పలచగా, వెడల్పుగా ఉంది; ఈ రాళ్ల దారికి ఆగేది కాదు.

"మెత్తటి పచ్చికలో పెరిగిందిరా. నీలాగే, కష్టమెరగదు."

మందపాటి లాడం కాల్చి బిగించాడు. కంచర గాడిద రాళ్ల మీద కుంటకుండా నడిచింది. నియామత్ ఊపిరి పీల్చుకున్నాడు.

జర్వలీ పాత లాడాన్ని గోడకు తగిలించాడు.

"దేశం తెలీలేదుగా కాకా?"

"తెలీలేదు. కానీ దీన్ని పచ్చిక నేలకు సరిగ్గా సరిపోయేట్టు కొట్టాడు, వాడికి పని వచ్చు."