బరాబర్ చేసిన ఐదు గోలీలు

నాకు లెక్క తప్పదు. పొదుపు సంఘానికి పద్దెనిమిదేళ్లు లెక్కలు రాసినదాన్ని. ఎవరి పెళ్లి ఏ తారీఖున అయింది, ఎవరి బర్రె ఎప్పుడు ఈనింది అని కట్టంగూరులో ఎవరికి అనుమానం వచ్చినా మా గడపకే వస్తారు. అంతటి నేను అరవై ఒకటో ఏట, బుద్ధీ కళ్లద్దాలూ రెండూ దగ్గర ఉండగానే, చిన్న కత్తెర ఒకటి పట్టుకుని ఇంటిల్లిపాదినీ ఎలా గంగలో ముంచబోయానో చెబుతాను. నవ్వుకోండి, ఏమీ అనుకోను. మా కోడలు కూడా నవ్వుతుంది, ఇప్పుడు.

తెలంగాణ వచ్చిన మూడో ఏడు. కొత్త ఇల్లు కట్టుకున్నాం. బుధవారం గృహప్రవేశం. కొత్త పొయ్యి మీద పాలు పొంగించాల్సింది ఇంటి ఆడపడుచు, అంటే నా కూతురు స్వరూప. పోచంపల్లిలో మగ్గం నేసే ఇంటికి ఇచ్చాం. పనిలో సాయానికని వారం ముందే వచ్చింది. నేను కేలండర్ చూశాను. నా లెక్క ప్రకారం స్వరూప డేటు సరిగ్గా ఆ బుధవారమే!

పెళ్లయిన కూతురి డేటు నీకెలా తెలుసమ్మా అంటారేమో. స్వరూపకు పెళ్లయి ఆరేళ్లు. ఈ నెలైనా ఆ తారీఖు దాటుతుందేమో, ఒక చల్లని కబురు వస్తుందేమో అని నెల నెలా చూసీ చూసీ నాకు కంఠతా వచ్చేసింది. ఒక్కసారీ దాటలేదు. చివరికి ఆశ పోయింది కానీ లెక్క పోలేదు. ఆ నెల కూడా ఆ డేటు రావద్దనే కోరుకున్నాను. కాకపోతే పాలు పొంగించడం కోసం!

డేటు వెనక్కి జరపడానికి గోలీలు ఉంటాయని, పెళ్లిళ్లకూ బతుకమ్మకూ ఆడవాళ్లు వేసుకుంటారని నాకూ తెలుసు. కానీ మందుల దుకాణం అతను నాకు మరిది వరస. అతణ్ని అడగడమూ, గ్రామ పంచాయతీ మైకులో చెప్పించడమూ ఒకటే. అప్పుడు నా కన్ను వంటింటి అలమారలో కోడలి గోలీల షీటు మీద పడింది.

కోడలి పేరు మౌనిక. మా ఇంటికి వచ్చి అప్పటికి రెండేళ్లు. వచ్చిన వారంలోనే నాతో తేల్చి చెప్పింది.

"అత్తమ్మా, పోలీసు ఉద్యోగం కొట్టినంకనే పిల్లలు. అందాక గోలీలు వాడుత. నీకేమన్న కోపమా?"

"నాకేం కోపం బిడ్డా. ఏ పనైనా వరుస తప్పకుండ కావాలె."

రాత పరీక్ష గట్టెక్కింది. ఇంకో నెల రోజుల్లో నల్లగొండలో పరుగు పరీక్ష. రోజూ తెల్లవారకముందే లేచి హైవే పక్కన పరిగెత్తేది. రాత్రి అన్నం తిని, ఆవలిస్తూ ఒక గోలీ మింగి పడుకునేది. ఆ షీటులో ఇరవై ఒకటి తెల్లవి, చివరన ఏడు ఇటుక రంగువి.

మౌనికనే అడిగి తీసుకోవచ్చు కదా? అడిగితే ఏమంటుందో తెలుసు. "వదినెకు డేటొస్తే పాలకేమైతది అత్తమ్మా, పొంగయా?" అంటుంది. దానికి నా దగ్గర జవాబు లేదు. జవాబు లేని చోట అత్తలు చేసే పనే నేనూ చేశాను. ఆదివారం పొద్దున గడపలకు పసుపు కలుపుతూ కలుపుతూ లేచి, కత్తెర తీసుకుని, షీటు నడుమ నుంచి ఐదు తెల్లవి కోశాను.

కోసి చూస్తే షీటులో కిటికీ అంత బొక్క! దొంగతనం నా ఒంటికి పడదు. తీసింది తిరిగి పెడితే అది దొంగతనం ఎలా అవుతుంది? పాత షీటులో మౌనిక వాడకుండా వదిలేసిన ఇటుక రంగువి ఉన్నాయి. సర్కారు దవాఖానలో ఊరికే ఇచ్చినవైనా సరే, నేను ఏదీ పారేయను. అందులోంచి ఐదు కోసి, బొక్కలో సరిగ్గా అమర్చి, సెల్లోటేపు అంటించాను. ఐదు తీశాను, ఐదు పెట్టాను. బరాబర్! ఎంత తృప్తి పడ్డానో చెప్పలేను.

తెల్లవి స్వరూప చేతిలో పెట్టాను. "రోజుకొకటి ఏసుకో. బుధవారం బయట కావు."

"ఎక్కడియమ్మా గివి?"

"ఎక్కడియైతే నీకేంది? మింగు."

బుధవారం రానే వచ్చింది. స్వరూప డేటు రాలేదు. పాలు గిన్నె అంచు దాటి నలుదిక్కులా పొంగాయి. వచ్చినవాళ్లంతా "ఎంత మంచిగ పొంగినయో!" అంటుంటే, అదంతా నా కత్తెర మహిమేనని లోపల లోపల మురిసిపోయాను.

శుక్రవారం రాత్రి వంటింట్లోంచి కేక.

"అత్తమ్మా! జర ఇటు రా. మొన్న ఇటుక రంగయి వస్తే, అరె, చదువుల పడి నెల ఎట్ల ఒడిసిందో చూడలేదనుకున్న. ఇయ్యాల మళ్ల తెల్లయి వచ్చినయి. గిదేం షీటు?"

"కొత్త రకమేమో బిడ్డా. సర్కారు మార్చిందేమో."

"సర్కారు సెల్లోటేపు గూడ ఏసి ఇస్తాందా?"

నేను ఎసరు చూసే నెపంతో అటు తిరిగాను. పొయ్యి మీద ఎసరు లేదు. పొయ్యే వెలిగించి లేదు. మౌనిక షీటును దీపం కింద పెట్టి చూసింది. పోలీసు ఉద్యోగం ఇంకా రాలేదు కానీ చూపు అప్పటికే వచ్చేసింది.

"టేపు మీద పసుపు వేలిముద్ర ఉన్నది. ఎవరిది?"

ఇక దాచి లాభం లేదు. "ఐదు తీసిన బిడ్డా, ఐదు పెట్టిన. బరాబర్."

"బరాబరా? గవి రక్తానికిచ్చే ఐరన్ గోలీలత్తమ్మా! గవి కడుపు ఆపయి!"

"రక్తం మంచిదే గదా. ఉరుకుతున్నవ్ గదా..."

నా కొడుకు రమేశ్ లోపలికి వచ్చి సంగతి విని పడీ పడీ నవ్వాడు. వాడిది డీసీఎం వ్యాను. ఏడాదంతా కిరాయిల మీద ఊళ్లు తిరుగుతాడు.

"నవ్వుతున్నవా?" అంది మౌనిక. "గా ఐదు రోజులు నువ్వు యాడున్నవ్?"

"ఇంట్లనే ఉంటి. ఇల్లు జొచ్చుడు గదా, కిరాయిలు బంద్ పెట్టిన..." అని వాడు మధ్యలోనే నవ్వు మింగేశాడు.

"కడుపుతోని ఉంటే పరుగు పెట్టనియ్యరు. పెట్టనిచ్చినా నేను ఉరకను. రెండేండ్ల కష్టం అత్తమ్మా!" అంది. ఏడ్చి ఉంటే నాకు సుఖంగా ఉండేది. ఏడవలేదు. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అంటారు. షీటు కోయనేల, టేపు అంటించనేల!

మర్నాడు పొద్దున్నే సర్కారు దవాఖానకు వెళ్లాం. డాక్టరమ్మ చిన్నపిల్ల. "ఎన్ని తప్పినయి?" అని అడిగింది.

"తప్పలేదు డాక్టరమ్మా," నేనే అందుకున్నాను. "ఐదుకు ఐదు పెట్టిన."

ఆమె షీటు తిప్పి చూసింది. టేపు చూసింది. నన్ను చూసింది. "పెద్దమ్మా, బియ్యం తీసి గంతే తూకం ఇసుక పోసినవ్. తూకం బరాబరే. బువ్వ ఉడుకుతదా?"

పద్దెనిమిదేళ్ల నా లెక్కల కీర్తి ఆ గదిలో చప్పుడు లేకుండా కూలిపోయింది. తెల్లవి ఎటు పోయాయో చెబితే, అసలు స్వరూపకు ఇచ్చింది కూడా తప్పే అంది ఆమె. డేటు జరపాలంటే ముందుగా డాక్టరును అడగాలట, దానికి వేరే మందు ఉందట. తర్వాత మౌనిక వైపు తిరిగింది.

"ఇప్పుడొక గోలీ ఇస్తున్న, గానీ అది మూడు రోజుల లోపటిదానికే మంచిగ పనిచేస్తది, మొదటి రోజులయి దాటిపోయినయి. పూర్తి భరోసా చెప్పలేను. ఇయ్యాల్టి నుంచి తెల్లయి రోజూ ఏసుకో. వారం దాక కండోమ్ లేకుండ కుదరదు. మూడు వారాలకు వచ్చి పరీక్ష చేయించుకో."

ఒక పొట్లం కూడా ఇచ్చింది. నాకు పొట్లాల మీద నమ్మకం పోయింది. ఇంటికి వచ్చి నా నులక మంచాన్ని వాళ్ల గది గుమ్మానికి అడ్డంగా వేశాను. రమేశ్ పక్క ముందు గదిలోకి మారింది.

"డాక్టరమ్మ పొట్లమిచ్చిందమ్మా!"

"గోలీలు గూడ ఇచ్చిండ్రు. ఏమైంది?"

"నువ్వు కోసినవ్!"

అదీ నిజమే. అయినా మంచం కదల్లేదు. నాలుగో రోజు వాడే ఎవరినో బతిమాలి కిరాయి సంపాదించుకుని సూర్యాపేట దిక్కు వెళ్లిపోయాడు.

ఇంతలో పోచంపల్లి నుంచి స్వరూప ఫోను.

"అమ్మా, నీ గోలీలు గింత గట్టియా? పాలు పొంగించి పది రోజులు దాటినయి. ఇంక డేటు రాలే."

కోడలికి ఆగాల్సింది ఆగలేదేమోనని ఒక భయం. కూతురికి ఆగింది మళ్లీ నడవదేమోనని ఇంకో భయం. తుప్పు పట్టిన నల్లాను బలంగా తిప్పితే బిగుసుకుపోతుంది చూడండి, అలా నా బిడ్డ ఒంటిని శాశ్వతంగా కట్టేశానేమో! ఇంకో సంగతి అయి ఉండవచ్చని నాకు తట్టనే లేదు. ఆరేళ్లు ఎదురు చూసిన దానికి ఆ లెక్క ఎలా తడుతుంది?

మూడు వారాలకు ఇద్దరినీ వెంటబెట్టుకుని అదే దవాఖానకు వెళ్లాను. మౌనిక డేటు కూడా రాలేదు. మరో మూడు రోజుల్లో పరుగు. ఆ పిల్ల అప్పటికీ బూట్లు వేసుకునే వచ్చింది. ఇద్దరూ లోపలికి వెళ్లారు. నేను బయట బెంచీ మీద కూర్చుని కనిపించిన ప్రతి దేవుడికీ కొబ్బరికాయ మొక్కుకున్నాను. పక్కన ఉన్న ముసలాయన "మోకాళ్లా, నడుమా?" అని అడిగాడు. "లెక్క," అన్నాను.

డాక్టరమ్మ తలుపు తీసింది. "పెద్దమ్మా, ఒకరికి ఒక్క గీత. ఒకరికి రెండు గీతలు. రెండు గీతలంటే కడుపుతోని ఉన్నట్టు."

"అయ్యో మౌనికా! నీ పరుగు నా చేతులార..." అని గోడ పట్టుకున్నాను.

"నాది ఒక్కటే గీత అత్తమ్మా! గోలీలు తారుమారై డేటు జరిగిందట!" అంటూ మౌనిక నా భుజం పట్టి అటు తిప్పింది.

స్వరూప తలుపు దగ్గర కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. నవ్వుతోందో ఏడుస్తోందో దానికే తెలియదు. "అమ్మా... నీ గోలీలు కాదట."

డాక్టరమ్మ వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది. "గవి మింగేటాల్లకే కడుపుతోని ఉన్నది. ఐదు గోలీలకు బిడ్డకేం గాదు, ఫికర్ చెయ్యకుండ్రి."

చూశారా! నేను ఆపబోయిన వాన ఆ నెల అసలు రానే రాదు. రాని వానకు భయపడి కోడలి గొడుగు దొంగిలించాను. ఆరేళ్లు తప్పకుండా చూసిన డేటు, తప్పిన ఒక్క నెలలో, ఎందుకు తప్పిందో నాకే తెలియలేదు. ఆ రోజు పొయ్యి ముందు పాలు పొంగించింది ఒక్కరు కాదు, ఇద్దరు. దవాఖాన వరండాలో మేం ముగ్గురం ఒకరి మీద ఒకరం పడి ఏడుస్తుంటే, ఆ ముసలాయన "లెక్క తేలిందా?" అని అడిగాడు.

మూడు రోజులకు మౌనిక నల్లగొండ మైదానంలో జింకలా పరిగెత్తింది. గీత దాటగానే నా దగ్గరికి వచ్చి ఆయాసపడుతూ, "గా ఐరన్ గోలీలు పనిచేసినయత్తమ్మా," అంది. నన్ను క్షమించినట్టు నాకు అప్పుడే అర్థమైంది.

ఉద్యోగం వచ్చింది, ఖాకీ బట్టలు వచ్చాయి. స్వరూప కూతురు నడక నేర్చి మా కొత్తింటి గోడల మీద బొగ్గుతో బొమ్మలు గీసింది. ఒక ఆదివారం మౌనిక డ్యూటీ నుంచి వచ్చి, కోయని కొత్త షీటు ఒకటి నా చేతిలో పెట్టింది.

"ఇగ నాకక్కర లేదత్తమ్మా. ఎన్ని గావాల్నో కోసుకో."

అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక అలవాటుగా నా వేళ్లు లెక్కకు లేచాయి. మౌనిక టక్కున వాటిని పట్టుకుంది.

"ఆగు! ముందుగాల ఒట్టు పెట్టు. కాయితం మీద."

రాశాను. "కట్టంగూరు వాస్తవ్యురాలినైన నేను, ఇకమీదట ఇంకొకరి షీటు మీద కత్తెర పెట్టను. తెల్లదాన్ని ఇటుక రంగుదానితో బరాబర్ చేయను. కూతురి తారీఖు గానీ కోడలి తారీఖు గానీ లెక్కించను. ఇందుకు నా కళ్లద్దాలే సాక్షి." సంతకం చేయబోతే మౌనిక కలం లాక్కుంది.

"సంతకం వద్దు. బొటనవేలు పెట్టు."

"ఏందే? పద్దెనిమిదేండ్లు లెక్కలు రాసినదాన్ని. సంతకం రాదా నాకు?"

"వేలిముద్ర చదువురానోళ్లకే అనుకుంటున్నవా అత్తమ్మా? దొంగల దగ్గర గూడ గదే తీసుకుంటం," అంటూ నా ముందు చిన్న గిన్నె జరిపింది.

అందులో తడిపిన పసుపు ఉంది.