మెట్లెక్కిన చుక్కలు

కుక్కర్లకు సేఫ్టీ వాల్వులు చేసే ఫ్యాక్టరీలో పదకొండేళ్లుగా ఆమె పని కొలవడమే. గంటకోసారి లైను మీద నుంచి ఐదు వాల్వులు తీసి, రంధ్రం కొలిచి, సగటు కొలతను కాగితం మీద చుక్కగా పెట్టాలి. ఆ కాగితం మీద మధ్య గీత సరైన కొలత, పై గీత, కింది గీత హద్దులు. అందరూ కొలతలక్క అంటారు. చాటున పిరికిదనీ అంటారు. గ్యాసు కట్టేశానో లేదోనని వీధి చివరి నుంచి వెనక్కొచ్చే మనిషి. "నీకు తలుపు తీయలేక చస్తున్నానే తల్లీ!" అని అత్తగారు రోజూ మొత్తుకుంటుంది.

ఆ పొద్దున తొమ్మిదింటికి చుక్క మధ్య గీతకు కాస్త పైన పడింది. పదింటికి ఇంకాస్త పైన. పదకొండింటికి మరికాస్త. పై గీత దాటిన వాల్వు ఒక్కటీ లేదు. అయినా రంధ్రం పెద్దదవుతూనే ఉంది.

సూపర్‌వైజరు దగ్గరికి పరుగెత్తింది. "సార్, లైను ఆపాలండీ."

"ఎన్ని పాడయ్యాయి?"

"ఒక్కటీ కాలేదండీ."

"మరింకేంటమ్మా! సాయంత్రం లారీ వెళ్లాలి. గీత దాటాక చెప్పు."

"నేను మళ్లీ కొలిచేలోపు రెండు వేలు పెట్టెల్లోకి వెళ్లిపోతాయి సార్."

ఆయన వినకుండా ఫోనెత్తాడు.

ఆమె వెళ్లి లైను ఆపే ఎర్ర మీట ముందు నిలబడింది. నొక్కితే ఉద్యోగం ఊడొచ్చు. నొక్కకపోతే, వదులు వాల్వు ఎగిరి ఆవిరి చిమ్మే కుక్కర్ ముందు ఏ తల్లి వంగుతుందో. కళ్లు గట్టిగా మూసుకుని నొక్కేసింది.

షెడ్డంతా ఒక్కసారిగా మూగబోయింది. నలభై తలలు ఇటు తిరిగాయి. సూపర్‌వైజరు కేకలేసుకుంటూ వచ్చాడు. ఆమె చుక్కల కాగితం ఆయన చేతిలో పెట్టి, తన కొలతల బల్ల దగ్గర కూర్చుంది.

మెకానిక్కు మిషను విప్పాడు. డ్రిల్లును పట్టి ఉంచే బేరింగు పగిలి, గుండ్లు అతని అరచేతిలోకి రాలాయి. "మధ్యాహ్నం దాకా ఆగేది కాదక్కా, రంధ్రాలన్నీ గీత దాటేసేవి," అన్నాడు మెల్లగా.

సూపర్‌వైజరు మొహంలో నెత్తురు చుక్క లేదు. స్టూలు లాక్కుని ఆమె పక్కనే కూర్చున్నాడు. పొద్దుటి నుంచి పెట్టెల్లో సర్దినవన్నీ, మరో నలుగురిని పిలిచి, సాయంత్రం దాకా కొలిపించాడు. ఒక్కటీ చెడ్డది దొరకలేదు. లారీ మర్నాడు కదిలింది. పైవాళ్ల చీవాట్లు ఆయనే తిన్నాడు.

వారం తిరక్కుండా గోడ మీద కాగితం అంటించారు: మూడు చుక్కలు వరసగా ఒకే వైపు నడిస్తే, ఎవరినీ అడగక్కర్లేదు, లైను ఆపేయండి.

అందరూ ఆమెను మెచ్చుకున్నారు. ఆమెకు మాత్రం ఆ కాగితం చూసిన కొద్దీ ఒళ్లు చల్లబడింది. ఇన్నాళ్లూ వద్దనడానికైనా ఒకరుండేవారు. ఇకపై ఆపినా, ఆపకపోయినా భారం తనదే.