ఐలయ్య మొక్కు

నానక్‌రామ్‌గూడ ఐలయ్యది బండలు కొట్టే పని. పెళ్ళాం పురిట్లోనే పోతే కూతురు భూలక్ష్మిని తనే సాకాడు. డెబ్భై నాలుగులో, ఆ పిల్లకి ఏడేళ్ళప్పుడు, రక్తం క్యాన్సరని తేలి మా వార్డుకొచ్చింది. నేనక్కడ నర్సుని. పేరు పుణ్యవతి, మాది బందరు వైపు. ఐలయ్య గురించి రాయాలంటే ముందు నా నోటిని తిట్టుకోవాలి.

డాక్టరుగారు అతనికి ఓపిగ్గానే చెప్పారు. ఒంట్లో కణం అవసరమైతేనే రెండవుతుంది, చాలనగానే ఆగుతుంది. జబ్బు కణాలకి ఆగడం తెలీదు. వారం వారం ఇచ్చే సూది, రెండు కాబోతున్న కణాన్ని పట్టుకుని ఆపేస్తుంది. ఐలయ్య చేతులు కట్టుకుని విన్నాడు. ఎంత అర్థమైందో దేవుడికెరుక.

నాలుగు సూదులకి పిల్ల లేచి వార్డంతా తిరిగింది. ఇంటికి పంపిస్తూ, సూదులకి మాత్రం ఇంకా చాలాకాలం రావాలన్నారు డాక్టరుగారు. అప్పటికే జుట్టంతా రాలిపోయింది. ఐలయ్య బెంబేలెత్తాడు.

"బిడ్డ బతికితే దాని తలనీలాలిస్తనని గుట్ట నర్సింహస్వామికి మొక్కిన సిస్టరమ్మా. బోడి నెత్తితోని ఎట్ల పోవాలె?"

"ఫికరెందుకయ్యా! ఈ మందు జుట్టు కుదుళ్ళని కూడా ఆపుతుంది. సూదులు ఆపితే జుట్టు అదే వస్తుంది," అన్నాను పని హడావిడిలో. జబ్బు కూడా వస్తుందని చెప్పలేదు. చెప్పక్కర్లేదనుకున్నాను.

తర్వాతి వారం అతను రాలేదు. ఆ పై వారమూ రాలేదు. ఉత్తరం రాస్తే జవాబు లేదు. ఇంతేనా ఇతని ప్రేమ అని అందరిముందూ నోరు పారేసుకున్నాను.

నాలుగు నెలలకి, పిల్లని లింగంపల్లి దాకా భుజాన మోసి, అక్కడ బస్సెక్కి వచ్చాడు. పిల్ల ముక్కులోంచి రక్తం. తల మాత్రం నూనె రాసి నున్నగా దువ్వి ఉంది.

"చూడమ్మా, ఎంత ఒత్తుగ వచ్చిందో! నువ్వు చెప్పినట్లే సూదులు ఆపిన. రేపు గుట్టకు పోదామనుకుంటే నెత్తురు ఆగుతలేదు."

సూది ఆగితే జుట్టూ పెరిగింది, జబ్బూ పెరిగింది. డాక్టరుగారు వెంటనే సూది వేయమన్నారు. ఐలయ్య పిల్ల తలమీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"మల్ల రాలిపోతదా? ఈ వెంట్రుకలు స్వామికియ్యాల్నా, సూదికియ్యాల్నా? జర చెప్పమ్మా."

"సూది వేయించయ్యా," అని ఏడ్చాను.

వేయించాడు. జుట్టు మళ్ళీ రాలిపోయేదాకా పిల్ల ఆగలేదు, తొమ్మిదో రోజు పోయింది. ఐలయ్య కత్తెర అడిగాడు. బతికితే కదా మొక్కు అని నోటిదాకా వచ్చింది. అనలేక కత్తెర ఇచ్చాను.

కత్తిరించిన జుట్టు తువ్వాలులో మూటకట్టుకుని అతను నాకు దణ్ణం పెట్టాడు.

"నీ మాట ఇని సూదులు ఆపినందుకు స్వామికియ్యనీకి ఇవన్న మిగిలినయమ్మా."