కనకం ఆట ఆపలేదు

పెళ్లయి అత్తవారింటికి వెళ్లడానికి కనకం నడిచిన దూరం మూడు క్వార్టర్ల వరుసలు. పుట్టింది బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో, లోకో షెడ్డు ఖలాసీ ఇంట్లో. మెట్టింది అదే కాలనీలో, గూడ్సు గార్డు సన్యాసిరావు ఇంట్లో. రెండు కుటుంబాలూ బొబ్బిలి పక్క నుంచి వచ్చినవే. ఇంటి వెనక రాత్రనక పగలనక బళ్లు కూస్తూ పోతుండేవి. ఏటేటా ఉచిత ప్రయాణపు పాసులు వచ్చేవి. అయినా యాభై దాటేదాకా ఆవిడ రైలెక్కింది పెళ్లిళ్లకీ చావులకీ మాత్రమే. అదీ పక్కన ఎవరో ఒక మగమనిషి ఉంటేనే.

సన్యాసిరావు డ్యూటీ దిగి వచ్చినప్పుడల్లా అడిగేది. "ఎలాగుంటాదండీ ఆ ఊరు?"

"ఏటుంటాది? ప్లాట్‌ఫారం ఉంటాది" అనేవాడాయన. తిని పడుకునేవాడు. గార్డు పగలు పడుకుంటే ఇల్లంతా ఊపిరి బిగబట్టాలి. పిల్లలు ముగ్గురూ గుసగుసల్లోనే పెరిగి పెద్దవాళ్లయ్యారు. పెళ్లిళ్లు చేసుకుని వెళ్లిపోయారు. ఆ తర్వాత ఆ ఇంట్లో కనకానికి మిగిలింది చప్పుడు చెయ్యకుండా గిన్నెలు తోముకోవడం.

తొంభై నాలుగు వేసవిలో ఒక మధ్యాహ్నం బుధవారీ బజారులో కూరలు కొని వస్తుంటే ఆవిడకు కళ్లు తిరిగాయి. ఎండ అలా ఉంది. ఎదురుగా కొత్తగా తెరిచిన దుకాణం కనిపించింది. గుమ్మంలో పెద్ద కూలరు తిరుగుతోంది. తడిసిన వట్టివేళ్ల వాసన రోడ్డు దాకా వస్తోంది. ఆ దుకాణం ఏమిటో, ఎవరిదో చూడకుండా కనకం లోపలికి నడిచింది.

అది వీడియో గేముల దుకాణం. గోడ వెంట నాలుగు టీవీలు, వాటి ముందు కాలేజీ కుర్రాళ్లు. యజమాని ఓంకార్‌కు ముప్ఫై ఏళ్లుంటాయి. మస్తూరీ వైపు రైతుల బిడ్డ. తెలుగు రాదు. పిన్నీ అన్నట్టు మౌసీ అని పిలిచి, హిందీలోనే అడిగాడు.

"మౌసీ, ఎవరి కోసం వచ్చారు?"

"ఎవరి కోసమూ కాదు. కూలరు కోసం" అంది కనకం, అతని భాషలోనే.

అతను నవ్వి స్టూలు వేశాడు. ఖాళీగా ఉన్న టీవీలో ఎర్రకారు ఒకటి నిలబడి ఉంది. దాని ముందు తెల్లగీతల రోడ్డు, రోడ్డుకి అటూ ఇటూ కొండలు.

"ఇది ఎక్కడి రోడ్డు?"

"ఎక్కడిదీ కాదు మౌసీ, ఉత్త బొమ్మ."

"మరి ఎక్కడికి పోతుంది?"

"మీరు ఎంతదాకా నడిపితే అంతదాకా."

కనకం కూరల సంచి కాళ్ల దగ్గర పెట్టుకుని స్టూలు ముందుకు జరుపుకుంది. మొదటి రోజు కారు మొదటి లారీకే గుద్దుకుంది. రెండో రోజూ అంతే. వానలు పడి కూలరు అవసరం తీరిపోయినా ఆవిడ రావడం మానలేదు. అప్పటికి కొండలు దాటి సముద్రపు ఒడ్డున రోడ్డు పట్టుకుంది. ఆడుతూ ఆడుతూ అరిచేది. "తప్పుకో, తప్పుకోరా గుంటడా, కళ్లు నెత్తికెక్కీసినాయేటి!" కుర్రాళ్లకు మాట అర్థం కాకపోయినా తమ ఆటలు ఆపి మరీ చూసేవారు. తుపాకుల ఆట ఆడమంటే మాత్రం ఒప్పుకునేది కాదు. మనుషుల్ని చంపడం చూడాలంటే పేపరు చాలదా అనేది.

పేపరు కూడా అక్కడే చదివేది. బల్ల మీద పడి ఉండే హిందీ పేపరు గట్టిగా చదివి, ఓంకార్‌తో వాదానికి దిగేది. బిలాస్‌పూర్‌కి రైల్వే జోను వస్తే ఊరి రాత మారిపోతుందని అతను అంటే, "ముందు మా వరుస కుళాయికి నీళ్లు రానీ" అనేది ఆవిడ.

కాలనీ ఊరుకుంటుందా? పక్క క్వార్టరు బుజ్జమ్మ గోడ మీదుగా తల పెట్టి అడిగింది. "ఒదినా, మనవల్ని ఎత్తినదానివి, ఆ గుంటల మద్దిన కూకుని ఆటలేటి?"

"మనవలున్నోళ్లు ఆడకూడదని ఆ డబ్బా మీద రాసున్నాదేటి?" అంది కనకం.

సన్యాసిరావు మంచం మీంచి లేవకుండానే అన్నాడు. "నా పరువు తీసీస్తన్నావు."

"మీరు నిద్దరోతంటే నానింట్లో కూకుని ఏటి సెయ్యాలి? గరిటె కింద పడినా లేచిపోతారు కదా. బైటికెల్తే మీకే మంచిది" అని చెప్పులు వేసుకుంది. ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

సెప్టెంబరు నెలాఖరులో సూరత్‌లో ప్లేగు అని వార్త వచ్చింది. రైళ్ల ఊరు కాబట్టి భయం కూడా రైలెక్కే వచ్చింది. అహ్మదాబాద్ వైపు నుంచి వచ్చే బండి ఆగేసరికి ప్లాట్‌ఫారం మీది జనం ముక్కులకు రుమాళ్లు కట్టుకుని వెనక్కి జరిగిపోయేవారు. మందుల షాపుల్లో టెట్రాసైక్లిన్ దొరకడం మానేసింది. బుజ్జమ్మ మనవల మెడల్లో కర్పూరం మూటలు కట్టింది.

ఓంకార్ తమ్ముడు దుకాలూ సూరత్‌లో మగ్గాల మిల్లులో పనిచేసేవాడు. మిల్లు మూసేసేసరికి అందరితో పాటు బండెక్కేశాడు. బిలాస్‌పూర్‌లో దిగి, బస్సు పట్టుకుని మస్తూరీ దగ్గర తన పల్లెకు పోతే, ఊరి మొదట్లోనే కర్రలు పట్టుకుని ఆపేశారు. తల్లి దూరం నుంచే ఏడ్చింది. చేసేది లేక వెనక్కి వచ్చాడు. ఓంకార్ అతన్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. డాక్టరు ఛాతీ చూసి, జ్వరం లేదని చెప్పి, జబ్బు జాడేమీ కనపడలేదని, జ్వరం వస్తే మాత్రం వెంటనే తీసుకురమ్మన్నాడు. తమ్ముణ్ని దుకాణం వెనక గదిలో పెట్టుకున్నాడు ఓంకార్. ఎవరి దగ్గరా దాచలేదు. కనకం వచ్చినప్పుడు గుమ్మం దగ్గరే ఆపి అన్నాడు. "మౌసీ, కొన్నాళ్లు రావొద్దు. తమ్ముడు సూరత్ నుంచి వచ్చాడు."

కనకం వెనుదిరిగింది. ఆవిడకూ భయం వేసింది. చిన్నప్పుడు మసూచి వచ్చి పుట్టింటి వరుసలోనే పిల్లలు పోవడం చూసిన మనిషి. ఇంట్లో కూర్చుని, వద్దన్నప్పుడు మానడమే మంచిదని తనకు తనే చెప్పుకుంది. ఎంత చెప్పుకున్నా మనసుకు ఎక్కలేదు.

మూడో నాడు బుజ్జమ్మ గోడ మీదుగా కబురు చెప్పింది. "బజారోళ్లూ మన తెలుగు సమితోళ్లూ కలిసి ఎల్తన్నారొదినా. ఆ అన్నదమ్ములిద్దర్నీ ఊళ్లోంచి పంపించేత్తారంట. పోనీలే, పీడా పోద్ది."

కనకం పొయ్యి మీద పప్పు దింపేసి బయల్దేరింది.

దుకాణం ముందు పాతికమంది ఉన్నారు. షట్టరు సగం దించి ఉంది. దాని ముందు ఓంకార్ చేతులు అడ్డం పెట్టి నిలబడ్డాడు. మాట్లాడుతున్నది శేషగిరిరావు. గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఆఫీసరు, తెలుగు సమితి కార్యదర్శి. ముక్కుకు తెల్ల రుమాలు కట్టుకుని, చాలా మర్యాదగా మాట్లాడుతున్నాడు.

"కనకంగారూ, మీరు దూరంగా ఉండండి. మేమేం వాళ్లని కొట్టడం లేదు. స్టేషన్‌కి వెళ్లి బండెక్కమంటున్నాం, అంతే."

"ఏ బండండీ?"

"ఏదో ఒక బండి."

"ఎక్కి ఎక్కడ దిగాలి? సూరత్‌లో పనినేదు. సొంతూళ్లో కర్రలట్టుకున్నారు. ఇక్కడ మీరున్నారు. బండిలోనే కాపరం పెట్టీమంటారేటి?"

వెనక ఎవరో నవ్వారు. శేషగిరిరావు మొహం ఎర్రబడింది. "ఇది హాస్యం కాదండీ. పిల్లలున్న ఊరు. బడికి వెళ్లే దారి ఇది. ఒక్కడి కోసం అంతమందిని బలిపెట్టమంటారా? ప్రమాదం లేదని మీరు పూచీ ఇస్తారా?"

పూచీ ఇవ్వగలిగేంత కనకానికి తెలియదు. తెలిసినదే చెప్పింది.

"డాక్టరు సూసి జ్వరం నేదన్నాడు. అంతకన్నా నాకు తెల్దు, మీకూ తెల్దు. కానీ ఒక్క మాట సెప్పండి. మా కాలనీలో రైలు ముట్టుకోని మనిసి ఏ ఇంట్లో ఉన్నాడు? మా ఆయన ఈ పూట కూడా ఆ బళ్ల మద్దినుంచే నడిసొస్తాడు. రైలు తెచ్చిన కూడు కావాల, రైలు తెచ్చిన మనిసి వొద్దా?"

ఆవిడ హిందీలోకి తిరిగి, "ఓంకార్, పక్కకి జరుగు" అంది. అతను "వద్దు మౌసీ" అంటుండగానే చీర కుచ్చిళ్లు ఎగదోపి, షట్టరు కింద నుంచి వంగి లోపలికి పోయింది.

వెనక గదిలో దుకాలూ మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చున్నాడు. మూతికి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. ఆవిణ్ని చూసి గోడకు ఇంకా దగ్గరగా జరిగాడు. "దగ్గరికి రాకండి" అన్నాడు. పాతికేళ్లయినా ఉండవు. నాలుగు రోజులుగా తనను చూసిన ప్రతి మనిషీ వెనక్కి జరగడం చూసి చూసి, ఇప్పుడు తనే జరుగుతున్నాడు.

కనకం అక్కడున్న కుండలో నీళ్లు ముంచుకుని గ్లాసెడు తాగింది. ముందు గదిలోకి వచ్చి టీవీ పెట్టింది. ఎర్రకారు ముందు కూర్చుంది. కారు మొదటి లారీకే గుద్దుకుంది. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ గుద్దుకుంది. షట్టరు కింద నుంచి వరసగా కాళ్లు కనపడుతున్నాయి. ఎవరో వంగి చూశారు. "ఆడుతోంది" అన్నారు. "ఏం ఆడుతోంది?" "కారాట." కొట్లాటకు వచ్చినవాళ్లకు కారాట చూస్తూ ఎంతసేపు నిలబడాలో తెలియలేదు. ఒకరికి డ్యూటీ, ఒకరికి దుకాణం గుర్తుకొచ్చాయి. కాళ్లు ఒక్కొక్కటే తగ్గాయి.

చివరికి నల్లబూట్లు వచ్చి ఆగాయి. సన్యాసిరావు మాసిపోయిన తెల్ల యూనిఫారంలోనే వచ్చాడు. డ్యూటీ దిగి ఇంటికి పోతే తాళం వేసి ఉంది.

"బైటికి రా" అన్నాడు.

"ఈ ఆట అవనీండి."

"ఇప్పుడు రాకపోతే మరి ఇంటికి రాకు."

"వస్తాను. అది నా ఇల్లు కూడాను" అని, చూపు టీవీ మీంచి తిప్పకుండా బొడ్డులోంచి తాళాలు తీసి షట్టరు కింద నుంచి బయటికి విసిరింది. ఆయన రుమాలుతో పట్టుకుని తాళాలు తీసుకున్నాడు. ఆ రుమాలు ఓరకంట కనపడి ఆవిడకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు. తుడుచుకుంటే కారు పోతుంది.

ఆ తర్వాత పది రోజులు ఆవిడ పెరటి వరండాలో పడుకుంది. సన్యాసిరావు తన వంట తనే చేసుకున్నాడు, పెద్దగా చప్పుడు చేస్తూ. బుజ్జమ్మ దగ్గరికి రాలేదు గానీ, ఒక పూట గోడ మీద ఆవకాయ గిన్నె పెట్టి పోయింది. కనకం రోజూ దుకాణానికి వెళ్లింది. రెండో రోజు నుంచి దుకాలూ కూడా వచ్చి కూర్చున్నాడు, మొదట దూరంగా, తర్వాత పక్క స్టూలు మీద. ఆ కారును అతను ఆవిడకన్నా బాగా నడిపేవాడు. ఆవిడ తిట్టేది. అతనికి జ్వరం రాలేదు. ఎవరికీ రాలేదు. పేపర్లో ఆ వార్త లోపలి పేజీల్లోకి జరిగిపోయింది.

దసరా ముందు శేషగిరిరావు ఇంటికి వచ్చాడు, రుమాలు లేకుండా. "ఈసారి పందిట్లో మొదటి హారతి మీ చేత ఇప్పించాలనుకుంటున్నామండీ."

"ఓంకార్‌కి ఏటైనా సెప్పినారా?"

"దానిదేముందిలెండి, అయిపోయిన సంగతి..."

"అతనికి సెప్పి రండి. అప్పుడొస్తాను."

ఆయన వెళ్లాడు గానీ బజారు వైపు వెళ్లలేదు. ఆ ఏడు కనకం పందిట్లో అడుగు పెట్టలేదు. డప్పులు ఇంట్లోంచే విన్నది.

పండుగ వెళ్లాక ఓంకార్ తమ్ముణ్ని పల్లెకు తీసుకెళ్తానన్నాడు. ఊళ్లోవాళ్లు ఇంకా సందేహిస్తున్నారని, రానిస్తారో లేదోనని అన్నాడు. "నేనూ వస్తాను" అంది కనకం. ముగ్గురూ బస్సెక్కారు. కనకానికి కిటికీ పక్క సీటు దొరికింది. దారంతా కోతకొచ్చిన వరి. ఎక్కడా ఎవరి పెళ్లీ లేదు, ఎవరూ చనిపోలేదు, అయినా తను ఊరు దాటి పోతోంది. ఆ సంగతి తలచుకుని ఒకసారి పైకే నవ్వింది.

పల్లె మొదట్లో నలుగురు పెద్దలు నిలబడి ఉన్నారు. ఈసారి కర్రల్లేవు గానీ దారి వదల్లేదు. "ఈవిడెవరు?" అన్నాడొకాయన.

"రైల్వే గార్డు భార్యని. ఈ పిల్లాడి పక్కన రోజూ కూర్చున్నాను, ఒకే కుండలో నీళ్లు తాగాను. చూసుకోండి, ఎలా ఉన్నానో" అని కనకం వాళ్లకు మరీ దగ్గరగా వెళ్లి నిలబడింది. వాళ్లు వెనక్కి జరిగారు. పెద్దలు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకునేలోపే, వాళ్ల వెనక నుంచి తల్లి పరిగెత్తుకొచ్చింది. ఎవరి అనుమతీ అడగలేదు. కొడుకు తల రెండు చేతులతో పట్టుకుని గుండెకేసి అదుముకుంది. పెద్దలు దారి వదిలారు. ఆ తల్లి ఇంట్లో కనకం చద్దన్నం, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ తిన్నది. దాన్ని వాళ్లు బాసీ అంటారు. రెండోసారి అడిగి వేయించుకుంది.

ఓంకార్ ఆ రోజుకి ఉండిపోయాడు. కనకం ఒక్కతే బస్సెక్కి తిరిగి వచ్చింది.

సన్యాసిరావు వీధి గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు. పొయ్యి మీద ఏదో మాడిన వాసన వస్తోంది.

"ఎక్కడికెల్నావు?"

"మస్తూరీ."

"ఎవులితో?"

"బస్సుతో."

ఆయన నేలచూపులు చూస్తూ అడిగాడు. "ఎలాగున్నాది?"

కనకం చెప్పులు విప్పి, పక్కనే మెట్టు మీద కూర్చుంది. వరిచేలు చెప్పింది. తల్లి పరిగెత్తుకు రావడం చెప్పింది. ఆయన మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు. అంతా అయ్యాక ఆవిడ అంది. "ఎల్లుండి లోకలు బండెక్కి బిల్హా ఎల్లొద్దామనుకుంటన్నాను. వస్తారా?"

"బిల్హాలో ఏటున్నాది సూడ్డానికి?"

"నాను సూడనేదు కదా, ఎలాగ సెప్పను?"

"నాకు ఎల్లుండి డ్యూటీ."

"సరే, అయితే నానెల్తాను" అని కనకం లేచి, మాడిన గిన్నె సంగతి చూడటానికి లోపలికి వెళ్లింది.